ముందుమాటలూ వెనకమాటలూ

“విన్నారా వదినగారూ?” అని గోడ అవతల నుంచి పిలుపొచ్చిందంటే ఆ పూట మా ఇంట్లో కూర మాడినట్టే లెక్క. మా పక్కింటావిడ తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఎక్కడ సాహిత్య సభ జరిగినా ముందు వరసలో ఒక కుర్చీ ఆవిడదే. మాట్లాడినవాళ్ళు ఏం మాట్లాడారో వాళ్ళు మర్చిపోతారేమో గానీ ఆవిడ మర్చిపోరు.

ఇంతకీ సంగతేమిటంటే, ఆదివారం సాయంత్రం సభలో మంచి పేరున్న రచయిత ఒకాయన, అంతే పేరున్న ఇంకో రచయిత నవల ప్రస్తావన రాగానే “అదీ ఒక నవలేనా?” అని మైకులోనే అనేశాడట. సభంతా గొల్లున నవ్విందట.

“ఈయనకేం తక్కువ చెప్పండి? అచ్చు మీద అచ్చు పడుతోంది. పిలిచి శాలువాలు కప్పుతున్నారు. ఇంకొకళ్ళ మీద పడి ఏడవడమెందుకు?” అన్నారు వదినగారు, కరివేపాకు రెబ్బలు గోడ మీద పెడుతూ.

“ఎందుకు నవల కాదో చెప్పాడా?”

“ఎక్కడ! నవ్వేసి, మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు.”

“నాకు నచ్చనిది అదే. తిట్టినందుకు కాదు, తిట్టి ఊరుకున్నందుకు.”

ఆవిడకి ఈ తేడా రుచించలేదు. ఆవిడ వాదన ఆవిడ ఉద్యోగంలోంచి వచ్చింది. ఒకే బళ్ళో పనిచేసే ఇద్దరు మాస్టర్లలో ఒకాయన పిల్లల ముందు రెండో ఆయన పాఠాన్ని వెక్కిరించకూడదు. స్టాఫ్ రూములో తలుపేసుకుని ఏమన్నా అనుకోవచ్చు. రచయితలకీ ఆ మర్యాద ఉండాలంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ పిల్లలు మాస్టర్ని ఎంచుకోరు. పాఠకుడు పుస్తకాన్ని ఎంచుకుంటాడు, జేబులో డబ్బు తీసి కొంటాడు. రాసే పని లోతుపాతులు తెలిసినవాడు ఆ పుస్తకం గురించి ఏమనుకుంటున్నాడో కొన్నవాడికి వినబడకుండా తలుపేసుకోవడం ఎవరి మర్యాద కోసం?

పైగా ఆ తలుపు వెనక జరిగేది మనకి తెలియనిదా! మన దగ్గర ప్రతి పుస్తకానికీ ముందుమాట ఒకటుంటుంది, వెనకమాట ఒకటుంటుంది. ముందుమాటలో అది మైలురాయి. సభ అయిపోయి, కాఫీ కప్పులు చేతిలోకొచ్చాక “ప్రాణం తీశాడండీ బాబూ” అనేది వెనకమాట. అచ్చయ్యేదంతా పొగడ్త, నమ్మేదంతా నోటిమాట. రేపెప్పుడో ఎవరైనా మన కాలం రచయితల గురించి తెలుసుకుందామని ఈ ముందుమాటలు తిరగేస్తే, తెలుగుదేశంలో మామూలు రచయితన్నవాడే పుట్టలేదనుకుంటారు పాపం.

మనవాళ్ళు మొదట్నుంచీ ఇంత మెత్తనివాళ్ళేం కాదు. తిరుపతి వేంకట కవులకీ, పిఠాపురం ఆస్థానంలోని వేంకట రామకృష్ణ కవులకీ వచ్చిన తగవులో ‘గీరతం’, ‘శతఘ్ని’ అని అటూ ఇటూ పుస్తకాలే వెలువడ్డాయి. అటు శాలువాలు కప్పించుకున్నవాళ్ళే, ఇటూ కప్పించుకున్నవాళ్ళే. ఎవరూ చాటుకెళ్ళి గొణుక్కోలేదు.

“అవి పండితుల తగవులండీ. మా బోటి వాళ్ళం చదివే పుస్తకాల మాటేమిటి?” అన్నారు వదినగారు.

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. “తులసిదళం చదివారా?” అన్నాను.

“చదవడమేమిటి! ఆంధ్రభూమి వారపత్రిక వచ్చే రోజు నేనూ మా అన్నయ్యా గుమ్మంలో కాపలా. ముందెవరు అందుకుంటే వాళ్ళు చదివేదాకా రెండోవాళ్ళకి అన్నం సయించేది కాదు. సీరియల్ కాగితాలన్నీ చింపి దాచి, దారంతో కుట్టించి, అట్ట వేయించుకున్నాను. అందులోని కాష్మోరా గుర్తొస్తే రాత్రి పెరట్లోకి వెళ్ళడానికి తోడు కావలసొచ్చేది.”

ఎనభైల మొదట్లో తెలుగు ఇళ్ళలో సగం ఇలాగే ఉండేవి. తులసిదళం రాసిన యండమూరి వీరేంద్రనాథ్ పేరు అద్దె లైబ్రరీ వాడికి అన్నం పెట్టిన పేరు. చిన్నపిల్ల మీద చేతబడి చేయడమన్న ఆ కథ అంతగా పట్టుకుంది జనాన్ని. ఆ ఊపులో ఉన్న నవల మీద రంగనాయకమ్మగారు ఒక విమర్శ పుస్తకమే రాశారు. పేరు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’.

“ఆ పేరు చూసే నాకు ఒళ్ళు మండింది. అసూయ కాకపోతే ఏమిటండీ అది?”

అసూయ అన్న మాట మనకి ఎంత తేలిగ్గా వస్తుందో చూశారా. పేరులేనివాడు తిడితే, పేరు రాలేదని ఏడుపు. పేరున్నవాడు తిడితే, పేరు పోతోందని ఏడుపు. ఇంక తిట్టడానికి అర్హుడెవడు? రంగనాయకమ్మగారు అప్పటికి పేరు కోసం చూసే స్థితిలో లేరు. ‘బలిపీఠం’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు దాని కోసమూ ఇలాగే గుమ్మాల్లో కాపలా కాసిన వాళ్ళున్నారు. దానికి రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1975లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో సినిమా కూడా వచ్చింది. ‘పేకమేడలు’, ‘కృష్ణవేణి’, ‘స్వీట్ హోం’ అన్నీ జనం చదివినవే. అప్పటికే ఆవిడ చెయ్యి ఇంకా పైకి వెళ్ళింది. విశ్వనాథ సత్యనారాయణగారికి 1970 సంవత్సరానికి జ్ఞానపీఠం తెచ్చిపెట్టిన పుస్తకం ‘రామాయణ కల్పవృక్షం’. ఈవిడ ‘రామాయణ విషవృక్షం’ అని పేరు పెట్టి మూడు భాగాలు రాశారు. అందులో వాల్మీకి శ్లోకాలు చూపించి, ఇదిగో ఇక్కడ ఇలా ఉంది, చూసుకోండి అని కింద నోట్లు ఇచ్చారు. మూడు భాగాల అసూయ ఎవరికుంటుంది వదినగారూ? నా మటుకు నాకు ఎవరి మీదైనా అసూయ పుడితే ఒక పోస్టుకార్డుకి సరిపోదు.

తులసిదళం మీద ఆవిడ ఫిర్యాదు ఏమిటంటే, చేతబడిలాంటి మూఢనమ్మకాన్ని ఉత్కంఠగా వండి జనానికి అమ్ముతున్నారని. పాఠకులు చదివేస్తున్నారు కదా అంటే ఆవిడ ఒప్పుకోరు. అందరూ చదువుతున్నారు కాబట్టే గట్టిగా చెప్పాలంటారు. ఎవరూ చదవని పుస్తకం ఎంత చెడ్డదైతే మాత్రం ఎవరికి నష్టం?

ఆవిడతో నాకు పేచీ లేదనుకోకండి. దయ్యం కథ చదివి జడుసుకున్న ప్రతివాళ్ళూ దయ్యాన్ని నమ్మేయరు. “మీరు నమ్మారా?” అనడిగాను.

“చీ, నమ్మడమేమిటి! టీచర్నండీ నేను.”

“మరి పెరట్లోకి?”

“వెళ్ళలేదనుకోండి.”

అదీ సంగతి. భయం ఒక సరదా. రంగనాయకమ్మగారు సరదాని కూడా కూర్చోబెట్టి లెక్కలు అడుగుతారు. అమెరికా రచయిత జాన్ అప్‌డైక్ 1975లో తన వ్యాసాల సంపుటి ముందుమాటలో సమీక్షకులకి కొన్ని నియమాలు రాసుకొచ్చాడు. రచయిత ఏం చేయదలచుకున్నాడో ముందు తెలుసుకో, చేయదలచుకోని పని చేయలేదని తప్పు పట్టకు అన్నది మొదటిది. నువ్వు చెప్పేది నిజమో కాదో చదివేవాడు తేల్చుకోవడానికి పుస్తకంలోంచి కావలసినన్ని వాక్యాలు ఎత్తి చూపించు అన్నది రెండోది. మొదటి పరీక్షలో రంగనాయకమ్మగారికి నేను మార్కులు తగ్గిస్తాను. రెండోదాంట్లో మాత్రం ఆవిడని మించినవాళ్ళు మన దగ్గర లేరు. కోపం ఎంతున్నా సరే, పేజీ తెరిచి వాక్యం మీద వేలు పెడతారు. ఆ వేలు తప్పు చోట పడిందని మీకనిపిస్తే మీరూ అదే పేజీ తెరిచి జవాబివ్వచ్చు. “అదీ ఒక నవలేనా” అన్నదానికి ఎవరైనా ఏమని జవాబిస్తారు? “అవును, నవలే” అనా?

వదినగారు కాసేపు ఆలోచించి, “ఇంగ్లీషు వాళ్ళు ఇలా చేసుకోరేమో లెండి. వాళ్ళకి మేనర్స్ ఎక్కువ” అన్నారు. నేను బట్టల బకెట్టు కింద పెట్టాల్సొచ్చింది. కూర అప్పటికి అడుగంటిన వాసన వస్తూనే ఉంది గానీ, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

స్టీఫెన్ కింగ్ ఉన్నాడు కదా, భయం కథల ఆయన. 2003లో అమెరికా నేషనల్ బుక్ ఫౌండేషన్ వాళ్ళు సాహిత్యానికి చేసిన సేవకి ఆయనకి మెడల్ ఇస్తున్నామన్నారు. హెరాల్డ్ బ్లూమ్ అని యేల్ యూనివర్సిటీ పెద్దాయన, హ్యారీ పోటర్‌ని కూడా అంతకుముందే కడిగేసిన ఆయన, పత్రికలో విరుచుకుపడ్డాడు, చవకబారు కథలు రాసేవాడికి మెడలా అని. కింగ్ మెడల్ పుచ్చుకుంటూ, జనం చదివే రచయితల్ని మీరు చూడనట్టు నటించకండి, వాళ్ళనీ చదవండి అని సభవాళ్ళకి చెప్పాడు. అదే రాత్రి నవలా బహుమతి అందుకున్న షిర్లీ హాజర్డ్ అదే వేదికెక్కి, ఎక్కువమంది చదువుతున్న పుస్తకాల జాబితా మాకు ఇవ్వనక్కరలేదన్నట్టు నెమ్మదిగా అంటించింది. ఇద్దరూ ఒకరి మొహం మీద ఒకరు చెప్పుకున్నారు, అదీ బహుమతి సభలో. మన సభల్లో ఇలాంటిది ఒక్కసారి జరిగితే నేను ప్రయాణం ఖర్చులు పెట్టుకుని వెళ్తాను.

కథ ఇక్కడితో అయిపోలేదు. 2009లో అదే కింగ్ ఒక ఇంటర్వ్యూలో, ‘ట్విలైట్’ నవలలు రాసిన స్టెఫనీ మేయర్‌కి రాయడం చేతకాదనేశాడు. జేమ్స్ ప్యాటర్సన్‌ని కూడా అదే ఊపులో చెడ్డ రచయితన్నాడు.

“చూశారా! తనని అంటే నొప్పి, తను అంటే ఒప్పు!” వదినగారికి ప్రాణం లేచొచ్చింది.

నాకలా అనిపించలేదు. జనం చదివే పుస్తకాల్ని కూడా పుస్తకాలుగా చూడండి అన్నవాడు, వాటిలో మంచీ చెడూ ఎంచకపోతే ఇంక చూసినట్టేముంది? అన్నీ ఒకటే అని వదిలేస్తే అది బ్లూమ్ చేసిన పనే. కింగ్ తీర్పు చెప్పడంలో తప్పు లేదు. ఇంటర్వ్యూలో చెప్పడం దగ్గర వచ్చింది తంటా. నిజానికి మేయర్‌ని ఆడపిల్లలు ఎందుకంత ఇష్టపడుతున్నారో కూడా ఆయన ఆ సంభాషణలోనే కాస్త చెప్పాడు. ఆ వయసు పిల్లలకి ప్రేమనీ కోరికనీ భయం లేకుండా తలుచుకునే చోటు చూపించిందని. అది ఆలోచించదగ్గ మాట. ఊరంతా తిరిగింది మాత్రం చేతకాదన్న ముక్క ఒక్కటే. కూర్చుని నాలుగు పేజీల వ్యాసం రాసుంటే ఆ ఆలోచించదగ్గ మాటకి కూడా కాళ్ళొచ్చేవి. మేయర్‌కి పోయిందేమీ లేదనుకోండి, అదే ఏడు నవంబరులో రెండో సినిమా వచ్చింది. ప్యాటర్సన్ మాత్రం 2016లో ‘ద మర్డర్ ఆఫ్ స్టీఫెన్ కింగ్’ అని ఏకంగా నవలే తయారుచేశాడు, ఇంకో ఆయనతో కలిసి. ప్రకటన కూడా అయిపోయాక, కింగ్‌కి ఇబ్బంది కలిగించడం ఇష్టం లేదంటూ వెనక్కి తీసుకున్నారు. ఇంటర్వ్యూలో ఒక ముక్కకి జవాబు హత్య నవల! మన శతఘ్ని వాళ్ళు వింటే ముచ్చటపడేవారు.

కూర్చుని రాస్తే ఎలా ఉంటుందో చూపించినవాడు మార్క్ ట్వేన్. ఆయనకంటే ముందు తరంలో జేమ్స్ ఫెనిమోర్ కూపర్ అని, అడవి మనుషుల సాహస కథలు రాసి దేశమంతా మెప్పు పొందినాయన ఉండేవాడు. 1895లో ట్వేన్ ఆయన మీద ఒక వ్యాసం రాశాడు. కథ చెప్పడానికి ఇన్ని సూత్రాలు అని పేర్చి, కూపర్ ఒకే నవలలో పద్దెనిమిదింటిని తప్పాడని లెక్క కట్టాడు. కూపర్ అడవిలో ఎవరైనా నిశ్శబ్దంగా ఉండాల్సిన ఘట్టం రాగానే ఎవరో ఒకరు ఎండుపుల్ల తొక్కి తీరతారట, చుట్టూ ఎన్ని వేరే వస్తువులున్నా సరే. నేను ఆ వ్యాసం చదివి పడీ పడీ నవ్వాను. ట్వేన్ కాస్త పెంచి చెప్పాడన్నది వేరే సంగతి. కానీ కథలో పాత్ర ఎలా మాట్లాడాలో, సంఘటన ఎందుకు జరగాలో నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళకి అందులో ఉన్నంత పాఠం కూపర్‌ని పొగిడిన ముందుమాటల్లో ఉండదు. పైగా కూపర్ పోయి అప్పటికి నలభైయేళ్ళు దాటింది. ఆయనకి నొప్పి లేదు, నవ్వు మనకి మిగిలింది.

“బతికున్నవాళ్ళ సంగతి చెప్పండి. ఒక మాట నిలిచిపోయి, మనిషి చేసిందంతా తుడిచిపెట్టుకుపోతే?” అన్నారు వదినగారు.

ఆవిడ ఊరికే తెలుగు చెప్పలేదు మరి. ఈ ప్రశ్నకి నా దగ్గర సుఖమైన జవాబు లేదు. ఆర్నాల్డ్ బెన్నెట్ అని ఇంగ్లండులో, పింగాణీ సామాను చేసే ఊళ్ళ గురించి, అక్కడి కొట్ల గురించి, కొట్లలో ముసలైపోయే ఆడవాళ్ళ గురించి నవలలు రాసినాయన ఉండేవాడు. బాగా సంపాదించాడు. ఆయన పత్రికలో ఒక మంచి మాట రాస్తే పుస్తకం అమ్ముడుపోయేది, అంత పలుకుబడి. 1923లో ఆయన కొత్తగా రాస్తున్నవాళ్ళ గురించి రాస్తూ, వర్జీనియా వుల్ఫ్ నవలలో తెలివి కనిపిస్తుంది గానీ మనుషులు మనసులో నిలవరన్నాడు. అప్పటికి ఆయన పెద్ద, ఆవిడ పైకొస్తున్న మనిషి. ఆవిడ జవాబు రాసింది. 1924లో దాన్ని పెంచి కేంబ్రిడ్జిలో ఉపన్యాసంగా చదివింది, సొంత ప్రెస్సులో చిన్న పుస్తకంగా వేసింది. రైలు పెట్టెలో మూలన కూర్చున్న ఒక పేద ముసలావిడని ఊహించుకుని, బెన్నెట్‌గారైతే ఈవిడ ఇల్లు గురించీ అద్దె గురించీ అంతా చెప్తారు, ఈవిడని మాత్రం చూడరు అంది.

ఎంత బాగా రాసిందంటే, బెన్నెట్ అంటే అద్దెలు లెక్కపెట్టే పాతకాలపు మనిషి అన్న ముద్ర చాలాకాలం పోలేదు. కాలేజీల్లో పిల్లలు ఆవిడ వ్యాసం చదివారు గానీ ఆయన నవలల జోలికి పోలేదు. ఆయన రాసిన ‘ది ఓల్డ్ వైవ్స్ టేల్’ చదివితే నాకు వుల్ఫ్ మీద కోపమొచ్చింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకతె కొట్టు వదలదు, ఒకతె పారిస్ పారిపోతుంది, ఇద్దరూ ముసలివాళ్ళవుతారు, అంతే కథ. ఆ ముసలితనంలో మనుషులు లేరని ఎవరంటారు? వుల్ఫ్ అన్యాయం చేసింది. మరి ఆ అన్యాయపు వ్యాసం లేకపోతే నవల అంటే ఏమిటన్న ఆలోచనలో మనకి పెద్ద లోటు. 1931లో బెన్నెట్ టైఫాయిడ్‌తో పోయాడు. అంత వెక్కిరించిన వుల్ఫ్, ఆ వార్త విని తనకి ఊహించనంత బాధ కలిగిందని డైరీలో రాసుకుంది.

“తర్వాత బాధపడి ఏం లాభం?” అన్నారు వదినగారు.

“బాధపడాల్సొస్తుందని ముందే నోరు మూసుకునుంటే?”

“ఒక మంచి మనిషికి గౌరవం దక్కేది.”

“ఒక మంచి వ్యాసం మనకి దక్కేది కాదు.”

ఈ విషయంలో మేమిద్దరం ఎటువాళ్ళం అటే ఉండిపోయాం. నా మొగ్గు ఎటో చెప్పేశాను. బెన్నెట్ పక్షాన ఎవరూ అంత బాగా రాయకపోవడం నష్టం గానీ, వుల్ఫ్ రాయడం నష్టం కాదు. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళని ఏమన్నా అనుకోనివ్వండి, పుస్తకం మొత్తం చదివి, పేరు పెట్టి, పేజీ చూపించి. లక్షలమంది ప్రేమ వెనకున్న రచయితని ఒక వ్యాసం పడగొట్టలేదు. పడగొట్టిందంటే ఇంకో వ్యాసం లేపుతుంది.

నాకు సహించనిది ఒక్కటే, పెద్దవాడు మొదటి పుస్తకం వేసుకున్న కుర్రాడి మీద పడడం. వాడికి జవాబిచ్చే చోటుండదు, వాడి వెనక ఎవరూ ఉండరు. పైగా ఆ తిట్టు వల్ల ఎవరికీ ఏమీ తెలియదు, ఎందుకంటే ఆ పుస్తకం ఎవరూ చదివుండరు. అలాంటప్పుడు ఇంటికి పిలిచి, టిఫిను పెట్టి, ఒక్కడికే చెప్పాలి. అప్పుడు వేసుకోవచ్చు మీ స్టాఫ్ రూము తలుపు.

ఈ మాట అనగానే వదినగారి మొహం విప్పారింది. ఇంతసేపూ ఆవిడ ఎందుకు గోడ వదల్లేదో నాకప్పుడర్థమైంది. లోపలికెళ్ళి ఒక సన్నపాటి పుస్తకం తెచ్చి, కరివేపాకు పక్కన పెట్టారు. వాళ్ళ మేనల్లుడి కవితలు. మొదటి పుస్తకం. వచ్చే ఆదివారం ఆవిష్కరణ.

“మీరూ వేదిక మీద నాలుగు మంచి ముక్కలు చెప్పాలి. మీరే అన్నారుగా, కుర్రాళ్ళని తిట్టకూడదని.”

“తిట్టకూడదన్నాను గానీ పొగడాలని అనలేదు వదినగారూ. ముందు చదవనివ్వండి. చదివాక మాట్లాడాలనిపిస్తే వచ్చి మాట్లాడతాను.”

ఆవిడ పుస్తకం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. “అంత శ్రమెందుకు లెండి” అన్నారు. “చదవకుండా మాట్లాడేవాళ్ళు ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు.”